వైరు ఊడితే ఆక్సిజన్ 654 చూపిస్తోందా? కెర్నెల్ డ్రైవర్లలో ఎర్రర్ రకాలు: సమస్యలు, పరిష్కారాలు

నెల్లూరు జిల్లా విడవలూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువు గట్టున పెట్టే ఒక లైనక్స్ బోర్డును ఉదాహరణగా తీసుకుందాం. నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను సెన్సార్ కొలుస్తుంది. చిప్‌లను కలిపే ఐ2సీ బస్ మీదుగా, లైనక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్‌లోని డ్రైవర్ ఆ విలువ చదువుతుంది. పై ప్రోగ్రాం దాన్ని చూసి, నీటిలో గాలి కలిపే ఏరియేటర్లను నడుపుతుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు కాబట్టి తెల్లవారుజామున ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది. సరిగ్గా ఆ వేళ సెన్సార్ తీగ ఊడితే డ్రైవర్ ఏం చెబుతుందన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. విలువ చదవలేకపోయానని చెప్పాలి, ఎందుకు చదవలేకపోయిందో కూడా చెప్పాలి. ఆ కారణం, నిర్ణయం తీసుకునే చోటికి చేరేదాకా చెదరకుండా ప్రయాణించాలి. కింది చిక్కుల్లో చాలావరకు ఆ ప్రయాణంలో ఎక్కడో కారణం జారిపోవడం వల్ల వచ్చేవే.

ఆక్సిజన్ 654.15 అని చూపిస్తోంది, ఏరియేటర్లు తిరగడం లేదు

లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గకూడదని రైతు కాపలా కాసే చోట 654 అన్న అంకె అసాధ్యం. కానీ పై ప్రోగ్రాంకు ఆ సంగతి తెలియదు. ఆక్సిజన్ పుష్కలంగా ఉందనుకుని మోటార్లు ఆపేస్తుంది.

ఈ సెన్సార్ కొలతను వంద రెట్లు చేసి 16 బిట్ల పూర్ణాంకంగా ఇస్తుందనుకుందాం. 654.15ను వందతో గుణిస్తే 65415. దీన్ని 65536 (16 బిట్లలో పట్టే మొత్తం విలువల సంఖ్య)లోంచి తీసేస్తే 121 మిగులుతుంది. లైనక్స్‌లో 121 అంటే ఈరిమోట్‌ఐఓ, అంటే అవతలి పరికరం బదులివ్వలేదని అర్థం. ఐ2సీ నుంచి రెండు బైట్ల పదాన్ని చదివే కెర్నెల్ ఫంక్షన్ 32 బిట్ల, గుర్తు (ప్లస్ లేదా మైనస్) ఉన్న పూర్ణాంకాన్ని తిరిగిస్తుంది. చదవగలిగితే 0 నుంచి 65535 వరకు విలువ వస్తుంది, చదవలేకపోతే రుణ సంఖ్య వస్తుంది. ఆ ఫలితాన్ని నేరుగా 16 బిట్ల గుర్తు లేని చలరాశిలో వేసుకుంటే మైనస్ 121 కాస్తా 65415 అవుతుంది. తర్వాతి వరుసలో ‘సున్నా కంటే తక్కువా’ అని అడిగినా ప్రయోజనం లేదు, గుర్తు లేని సంఖ్య ఎన్నడూ సున్నా కంటే తగ్గదు. మీ తెరపై 655.30 కనిపిస్తే అది మైనస్ 6 (ఈఎన్ఎక్స్ఐఓ), 654.26 కనిపిస్తే మైనస్ 110 (సమయం మించిపోయింది). పరికరం పలకనప్పుడు కొన్ని బస్ డ్రైవర్లు 6 ఇస్తాయి, కొన్ని 121 ఇస్తాయి. అందుకే బోర్డు మార్చగానే తప్పుడు అంకె కూడా మారుతుంది.

సీ భాషలో పరిష్కారం: ఫలితాన్ని ముందు మామూలు పూర్ణాంకంలోకి తీసుకోండి. రుణ సంఖ్య అయితే దాన్నే మార్చకుండా పైకి పంపండి. ఆ తర్వాతే విలువను 16 బిట్లకు కుదించండి. స్మ్యాచ్ అనే స్థిర విశ్లేషణ పరికరం ఇలాంటి తనిఖీని చూసి ‘గుర్తు లేనిది సున్నా కంటే తగ్గదు’ అని హెచ్చరిస్తుంది. కొత్త డ్రైవర్ మీద దాన్ని ఒకసారైనా నడపండి.

కెర్నెల్‌లో సీతో పాటు వాడే రస్ట్ భాషలో ఈ తప్పు ఇదే రూపంలో రాదు. రిజల్ట్ రకంలో విలువ ఒక గదిలో, ఎర్రర్ మరో గదిలో ఉంటాయి, రెంటినీ కలిపి ఒకే సంఖ్యగా చదివే దారి లేదు. అయితే అదే నష్టం వేరే దారిలో వస్తుంది. ఎర్రర్ వస్తే సున్నా వేసుకో అని అన్‌ర్యాప్-ఆర్ రాస్తే, తీగ ఊడినప్పుడు ఆక్సిజన్ 0 అని కనిపిస్తుంది. ఏరియేటర్లు తిరుగుతాయి కాబట్టి రొయ్యలు బతుకుతాయి, కానీ సెన్సార్ చచ్చిపోయిందని ఎవరికీ తెలియదు. ఏ కారణం వచ్చినా మైనస్ 5 (ఈఐఓ)గా మార్చేసే మ్యాప్-ఎర్ర్ వరుస కూడా ఇలాంటిదే. బస్ మీద పోటీలో వెనక్కి తగ్గినప్పుడు వచ్చే మైనస్ 11కు మళ్లీ ప్రయత్నిస్తే చాలు. పరికరం పలకకపోతే మాత్రం వెంటనే ఏరియేటర్లు వేసి రైతు ఫోనుకు కబురు పంపాలి. రెండింటినీ 5గా మార్చి పంపితే పై ప్రోగ్రాం ఏది చేయాలో తేల్చుకోలేదు. విలువను ఐఐఓ (సెన్సార్ల కోసం కెర్నెల్‌లో ఉన్న ఉపవ్యవస్థ) ద్వారా ఫైలుగా చూపిస్తుంటే, డ్రైవర్ ఇచ్చిన రుణ సంఖ్య ఆ ఫైలును చదివే పిలుపు విఫలమైనట్లుగా పైకి అందుతుంది. కారణం ఎర్ర్‌నో అనే చలరాశిలో ఉంటుంది. పై ప్రోగ్రాం రాసేవారు దాన్ని తప్పక చూడాలి.

నల్ తనిఖీ పెట్టినా నల్ పాయింటర్ ఊప్స్ వస్తోంది

ఇది కొత్తవారిని చాలా విసిగించే సమస్య. పాయింటర్ అంటే మెమరీ చిరునామా, నల్ అంటే దేన్నీ చూపని ఖాళీ పాయింటర్, ఊప్స్ అంటే కెర్నెల్ తనలో తప్పు జరిగిందని ఇచ్చే సందేశం. కెర్నెల్‌లో చాలా ఫంక్షన్లు విఫలమైనప్పుడు నల్ ఇవ్వవు, ఎర్రర్ సంఖ్యనే పాయింటర్ రూపంలో ఇస్తాయి. చిరునామాల పరిధిలో చిట్టచివరి 4095 విలువలను ఇందుకోసం కేటాయించారు. ఈనోమెమ్ (మైనస్ 12) పాయింటర్‌గా మారితే 64 బిట్లలో పదిహేను ఎఫ్‌లు, చివర ఒక 4 కనిపిస్తాయి. అది నల్ కాదు కాబట్టి మీ తనిఖీని దాటిపోతుంది.

మరి ఊప్స్ సందేశంలో నల్ అని ఎందుకు వస్తుంది? ఆ పాయింటర్ చూపే స్ట్రక్చర్‌లో 24వ బైటు దగ్గరున్న అంశాన్ని చదివారనుకోండి. మైనస్ 12కు 24 కలిపితే సంఖ్య చుట్టు తిరిగి 12 అవుతుంది. మొదటి పేజీలోని చిరునామా కనిపించగానే కెర్నెల్ దాన్ని నల్ పాయింటర్ తప్పుగా ప్రకటిస్తుంది. అందుకే సందేశంలోని చిరునామాను మాత్రమే నమ్మకండి, కింద రిజిస్టర్ల వరుసలో ఎఫ్‌లతో నిండిన విలువ ఉందేమో వెతకండి. ఉంటే అందులోనే ఎర్రర్ సంఖ్య దొరుకుతుంది.

ఏ ఫంక్షన్ ఏమిస్తుందో పేరు చూసి ఊహించలేం. మెమరీ కేటాయించే కేమాలాక్ నల్ ఇస్తుంది. క్లాక్, రెగ్యులేటర్, జీపీఐఓ (బోర్డు పిన్‌లు) తెచ్చే డెవ్‌ఎం ఫంక్షన్లు ఎర్రర్ పాయింటర్ ఇస్తాయి. డెవ్‌ఎం-ఐఓరీమ్యాప్ నల్ ఇస్తే, దాని పక్కనే ఉండే డెవ్‌ఎం-ఐఓరీమ్యాప్-రిసోర్స్ ఎర్రర్ పాయింటర్ ఇస్తుంది. ఆప్షనల్ అని పేరున్న జీపీఐఓ ఫంక్షన్‌కు నల్ అంటే ‘ఆ పిన్ లేదు, పర్వాలేదు’ అని, ఎర్రర్ పాయింటర్ అంటే నిజమైన వైఫల్యమని అర్థం. రెంటికీ భయపడి అన్నిచోట్లా రెండింటినీ ఒకేసారి తనిఖీ చేసే ఇజ్-ఎర్ర్-ఆర్-నల్ వాడటం మందు కాదు, కొత్త జబ్బు. పాయింటర్‌లోంచి ఎర్రర్ సంఖ్య తీసే పీటీఆర్-ఎర్ర్‌కు నల్ ఇస్తే సున్నా వస్తుంది, దాన్ని తిరిగిస్తే వైఫల్యం విజయంగా నమోదవుతుంది. ఫంక్షన్ పైనున్న వ్యాఖ్య చదివి, సరిపోయే ఒక్క తనిఖీనే పెట్టండి.

రస్ట్ వైపు, సీ నుంచి వచ్చిన పాయింటర్‌ను రిజల్ట్‌గా మార్చే ఫ్రమ్-ఎర్ర్-పీటీఆర్ ఉంది. అది ఎర్రర్ పాయింటర్లనే పట్టుకుంటుంది. నల్ వస్తే ‘సరే’ గదిలోనే పెట్టి ఇస్తుంది. నల్ వచ్చే అవకాశం ఉన్నచోట నాన్‌నల్‌గా మార్చే మెట్టు విడిగా ఉండాలి.

ఒక బూట్‌లో డ్రైవర్ పట్టుకుంటుంది, ఇంకో బూట్‌లో పట్టుకోదు, లాగ్‌లో ఏమీ లేదు

సెన్సార్‌కు విద్యుత్తు ఇచ్చే రెగ్యులేటర్ డ్రైవర్ ఇంకా సిద్ధం కానప్పుడు మైనస్ 517 (ఈప్రోబ్‌డిఫర్) వస్తుంది. ‘ఇప్పుడు కాదు, తర్వాత మళ్లీ పిలువు’ అని డ్రైవర్ కోర్‌కు చెప్పే కోడ్ అది. పరికరాన్ని పట్టుకునే మీ ప్రోబ్ ఫంక్షన్ దాన్ని మైనస్ 19 (ఈనోడెవ్)గా మార్చి పంపిందంటే కోర్ మళ్లీ పిలవదు. పైగా 19, 6 కోడ్‌లను కోర్ ‘ఈ పరికరం నాది కాదు’ అన్న మామూలు జవాబుగా తీసుకుని, డీబగ్ స్థాయి సందేశం తప్ప మరేదీ రాయదు. లాగ్ ఖాళీగా ఉండటానికి ఇదే కారణం.

వచ్చిన కోడ్‌ను వచ్చినట్టే పంపండి. సందేశం కోసం డెవ్-ఎర్ర్-ప్రోబ్ వాడండి, అది 517 వచ్చినప్పుడు లాగ్‌ను నింపకుండా కారణాన్ని దాచి ఉంచుతుంది. కెర్నెల్ లోపలి సమాచారం చూపే డీబగ్‌ఎఫ్ఎస్‌లో డివైసెస్-డిఫర్డ్ అనే ఫైలు తెరిస్తే ఎదురుచూస్తున్న పరికరాలు, వాటి పక్కనే ఆ కారణాలు కనిపిస్తాయి. రస్ట్ డ్రైవర్‌లో సొంత ఎర్రర్ రకం పెట్టుకున్నవారు కెర్నెల్ ఎర్రర్‌ను ఉన్నదున్నట్టు మోసే ఒక రూపాన్ని అందులో ఉంచాలి. లేకపోతే 517 దారిలోనే మాయమవుతుంది.

రస్ట్‌లో సొంత ఎర్రర్ రకం పెట్టగానే బిల్డ్ ఆగిపోయింది

రస్ట్ మద్దతు 2022 డిసెంబరులో 6.1 విడుదలతో లైనక్స్‌లోకి వచ్చింది. ఇప్పటి కెర్నెల్ రస్ట్ కోడ్‌లో రిజల్ట్‌కు ఎర్రర్ రకం చెప్పకపోతే కెర్నెల్ ఎర్రర్ అనే అర్థం. అది మైనస్ 4095 నుంచి మైనస్ 1 వరకు ఉండే సంఖ్యకు వేసిన తొడుగు. సొంత రకం కావాలంటే రెండో స్థానంలో రాసుకోవచ్చు. ఈ వెసులుబాటు చాలా మంచిది, కానీ అది కొన్ని బాధ్యతలు అడుగుతుంది.

కంపైలర్ ఈ0277 (E0277) సంఖ్యతో, ఒక రకాన్ని ఇంకో రకంలోకి మార్చే ఫ్రమ్ ట్రెయిట్ లేదని చెబుతుంది. ముందు ఏ రకం నుంచి మార్పు అడుగుతోందో చదవండి. అలాక్‌ఎర్రర్ అని ఉంటే, ట్రై-పిన్-ఇనిట్‌తో మీ వస్తువును మెమరీలో కడుతున్నారన్నమాట. ఆ పని మీ ఎర్రర్ రకాన్నే తిరిగిస్తుంది. జ్ఞాపకస్థలం దొరకకపోవడం కూడా అక్కడే జరగవచ్చు కాబట్టి, అలాక్‌ఎర్రర్‌ను మీ రకంలోకి మార్చే దారి రాయాలి. ఇన్‌ఫాలిబుల్ అని ఉంటే ఆశ్చర్యపోకండి. మ్యూటెక్స్, స్పిన్‌లాక్ లాంటి భాగాల ఆరంభం ఎప్పుడూ విఫలం కాదు, దాని ఎర్రర్ రకమే ఇన్‌ఫాలిబుల్. కానీ ప్రతి భాగం ఎర్రర్‌నూ మీ రకంలోకి మార్చే కోడ్‌ను మాక్రో రాసేస్తుంది, ఎన్నడూ పుట్టని ఎర్రర్‌కు కూడా. దానికి ఖాళీ మ్యాచ్‌తో ఒక్క వరుస ఇంప్ల్ సరిపోతుంది. కెర్నెల్ ఎర్రర్‌కు ఈ రెండు మార్పులూ ముందే రాసి ఉన్నాయి, అందుకే సొంత రకం పెట్టేవరకు ఈ సంగతి ఎవరి కంటా పడదు.

ఎర్రర్‌ను పైకి పంపే ప్రశ్నార్థక గుర్తు దగ్గర బిల్డ్ ఆగితే ఇంకో కారణం ఉండవచ్చు. ఆ గుర్తు ఒక్క మెట్టే మారుస్తుంది. బస్ ఎర్రర్ నుంచి సెన్సార్ ఎర్రర్‌కు, అక్కడి నుంచి కెర్నెల్ ఎర్రర్‌కు ఫ్రమ్ రాసి ఉన్నంత మాత్రాన బస్ ఎర్రర్ నేరుగా కెర్నెల్ ఎర్రర్ కాదు. మధ్య మెట్టును మీరే పిలవాలి. మీ రకం నుంచి కెర్నెల్ ఎర్రర్‌కు ఫ్రమ్ రాయడానికి భాష అనుమతిస్తుంది, ఎందుకంటే మీ రకం మీ క్రేట్‌ (రస్ట్‌లో ఒకటిగా కంపైల్ అయ్యే కోడ్)లోనే ఉంది. వేరేవారి రకం నుంచి కెర్నెల్ ఎర్రర్‌కు రాయబోతే అనాథ నియమం (ట్రెయిట్, రకాలు అన్నీ బయటివే అయితే ఇంప్ల్ రాయనివ్వని నియమం) అడ్డుపడుతుంది. అప్పుడు దాన్ని మీ రకంలో చుట్టుకోండి.

సొంత రకం ఎక్కడ పెట్టాలి? నా దృష్టిలో, కారణాన్ని బట్టి కోడ్ రెండు వేరు దారులు తొక్కే చోటనే. ‘పలకలేదు’, ‘సమయం మించింది’, ‘కొలత హద్దు దాటింది’ అన్న మూడు రూపాలున్న సెన్సార్ ఎర్రర్‌కు అర్థం ఉంది, ఎందుకంటే మూడోదానికి కెర్నెల్ సంఖ్యల్లో మంచి పేరు లేదు. చివరికి సీ వైపు వెళ్లేది ఒక పూర్ణాంకమే కాబట్టి, ఆ హద్దు దగ్గర ఒకే చోట, ఒక్కో రూపానికీ ఏ సంఖ్యో చూపే మ్యాచ్ రాయండి. అన్నింటినీ పట్టే అండర్‌స్కోర్ దారి అక్కడ పెట్టకండి. రేపు నాలుగో రూపం చేరిస్తే దానికి సంఖ్య చెప్పమని కంపైలర్ అడగాలి.

ఇంకో రెండు

పై ప్రోగ్రాంలో ‘అన్‌నోన్ ఎర్రర్ 524’ కనిపిస్తే డ్రైవర్ ఈనాట్‌సప్ తిరిగించిందని అర్థం. 512, 517, 524 లాంటివి కెర్నెల్ లోపలి సంఖ్యలు, యూజర్ వైపు వాటికి పేర్లు లేవు. 524 బదులు 95 (ఈఓపీనాట్‌సప్) వాడండి.

మాడ్యూల్ చక్కగా లోడ్ అయి, వాడగానే కూలితే గోటూ దారులు చూడండి. శుభ్రం చేసే లేబుల్‌కు దూకే ముందు ఫలితపు చలరాశిలో ఎర్రర్ సంఖ్య వేయడం మరిస్తే పాత సున్నాయే తిరిగి వెళ్తుంది. ప్రోబ్ విఫలమైనా కెర్నెల్ గెలిచిందనుకుంటుంది. స్మ్యాచ్ దీన్నీ పట్టుకుంటుంది.

సరిచేశాక పరీక్ష

ఎర్రర్ దారులు మామూలు రోజుల్లో నడవవు, అందుకే వాటిని బలవంతంగా నడిపించాలి. బోర్డు నడుస్తుండగా సెన్సార్ డేటా తీగ తీసి, ఫైలు చదివితే పిలుపు విఫలమవుతోందా, ఏ సంఖ్యతో అన్నది చూడండి. మళ్లీ తగిలించాక విలువలు తిరిగి రావాలి. జ్ఞాపకస్థలం వైపు పరీక్షకు కెర్నెల్‌ను ఫాల్ట్ ఇంజెక్షన్, దాని డీబగ్‌ఎఫ్ఎస్, ఫెయిల్‌స్లాబ్ ఎంపికలతో బిల్డ్ చేయండి. డీబగ్‌ఎఫ్ఎస్‌లో ఫెయిల్‌స్లాబ్ కింద ఇగ్నోర్-జీఎఫ్‌పీ-వెయిట్‌ను N చేయండి, లేకపోతే మామూలు (నిద్రపోగల) కేటాయింపులు విఫలం కావు. ప్రాక్‌ (/proc)లో మాడ్యూల్‌ను ఎక్కించే థ్రెడ్‌కున్న ఫెయిల్-ఎన్‌త్ ఫైలులో 1, 2, 3 అని వరుసగా రాస్తూ ప్రతిసారీ అదే థ్రెడ్ నుంచి మాడ్యూల్‌ను ఎక్కించి దించితే, ఒక్కో కేటాయింపు వంతులవారీగా విఫలమవుతుంది. లాగ్‌లో ఎర్రర్ పేరు కనిపించాలంటే ప్రింట్‌కే ఫార్మాట్‌లో శాతం గుర్తు పక్కన పీ, ఈ అక్షరాలు వాడి, సింబాలిక్ ఎర్ర్‌నేమ్ ఎంపికను ఆన్ చేయండి. ఈ ఎంపికలున్న కెర్నెల్‌ను పరీక్ష బల్ల మీదే ఉంచి, చెరువు గట్టుకు ఫాల్ట్ ఇంజెక్షన్ లేని బిల్డ్ పంపండి.