కొత్త ఉప్పునీటి అక్వేరియంలో నీళ్లు తేడా చేస్తే ఏం చేయాలి?

ట్యాంకు పెట్టి పది రోజులైంది. నీళ్లు పాలు కలిపినట్టున్నాయి, పీహెచ్ 7.8 చూపిస్తోంది, క్లౌన్ ఫిష్ పైకి తేలి గబగబా ఊపిరి తీస్తోంది. ఇలాంటప్పుడు చెయ్యి నేరుగా పీహెచ్ పెంచే సీసా మీదికే పోతుంది. పోనివ్వకండి. నీళ్లలో అమ్మోనియా (చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషం) ఉంటే, పీహెచ్ 7.8 నుంచి 8.3కి ఎక్కేసరికి అందులోని విషపు భాగం దాదాపు మూడింతలవుతుంది. చేప సంగతి ఇక చెప్పక్కర్లేదు. అందుకే పీహెచ్‌ని చివరికి ఉంచి, ఈ వరసలో వెళ్లండి.

1. ముందు ఉప్పు. 35 పీపీటీ, అంటే వెయ్యి పాళ్లకు 35 పాళ్లు ఉండాలి. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ను 35 పీపీటీ ద్రావణం చుక్క వేసి సరిచూసుకోండి, మంచినీళ్లతో సున్నా పెడితే చాలదు. నీళ్లు ఆవిరవుతాయి గానీ ఉప్పు ఎక్కడికీ పోదు. 100 లీటర్లలో 10 తగ్గితే 35 కాస్తా 39 దగ్గరికి చేరుతుంది. నేను మొదట్లో తగ్గినన్ని ఉప్పునీళ్లే పోసి, ఎండాకాలం వచ్చేసరికి ట్యాంకుని ఆవకాయ జాడీ చేశాను. తగ్గినదానికి ఉప్పు కలపని ఆర్వో నీళ్లే పోయాలి.

2. తర్వాత అమ్మోనియా. చాలా కిట్లలో పసుపు రంగు ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టే. దాన్ని తినే బ్యాక్టీరియా కుదురుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. ట్యాంకులో చేపలు లేకపోతే ఊరుకోండి, అదే మందు. ఉంటే మేత ఒకట్రెండు రోజులు ఆపి, అంతే ఉప్పు, అంతే వేడి ఉన్న నీళ్లతో 30 శాతం మార్చండి. దాంతో పోయేది 30 శాతం అమ్మోనియానే కాబట్టి మర్నాడు మళ్లీ కొలిచి, అవసరమైతే మళ్లీ మార్చాలి. ఆ బ్యాక్టీరియా అమ్మోనియాను మార్చగా వచ్చే నైట్రైట్ కనిపిస్తే మంచినీటి ట్యాంకులోలా కంగారు పడక్కర్లేదు, ఉప్పునీటిలోని క్లోరైడ్ చేపని చాలావరకు కాస్తుంది. అయితే నైట్రైట్ ఉన్నన్నాళ్లూ నైట్రేట్ (నైట్రైట్ ఆ తర్వాత మారే రూపం) కొలిచే కిట్ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మకండి.

3. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా నీళ్లు నిలబెట్టే శక్తి, 8 నుంచి 11 డీకేహెచ్ (దాని కొలమానం) మధ్య ఉంటే చాలు. తగ్గితే వంటసోడా. 100 లీటర్లకు 3 గ్రాములు వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది. ఆర్వో నీళ్లలో కరిగించి, ప్రవాహం ఉన్నచోట మెల్లగా పోయండి, రోజుకి ఆ ఒక్క డీకేహెచ్ మించొద్దు. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అది పనికిరాదు.

4. ఇప్పుడు పీహెచ్. ఒక గ్లాసు ట్యాంకు నీళ్లు బాల్కనీలోకి తీసుకెళ్లి, గంటసేపు గాలి పంపు పెట్టి మళ్లీ కొలవండి. 8.2కి ఎక్కిందా? తప్పు నీళ్లది కాదు, గదిది. ఏసీ కోసం తలుపులన్నీ మూసిన గదిలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో చేరుతుంది. కిటికీ తీయండి, లేదా స్కిమ్మర్ (నురుగుతో మురికి తీసే పరికరం) గాలి గొట్టాన్ని బయటికి పెట్టండి.

ఇక ఆ పాలరంగు. కొత్త ట్యాంకులో అది ఇసుక దుమ్మో బ్యాక్టీరియానో అయితే కొద్దిరోజుల్లో తేటపడుతుంది. కాల్షియం, ఆల్కలినిటీ మందులు వెంటవెంటనే పోసినందుకు వచ్చిందైతే రెండూ కలిసి సున్నంలా విరిగినట్టు. ఆ రోజుకి ఇంకేమీ పోయకుండా మర్నాడు రెండూ కొలవండి.

అన్నీ సరిగా ఉన్నా ఇసుక మీద గోధుమరంగు పొర వదలకపోతే పోసే నీళ్లనే అనుమానించండి. వంటింటి ఆర్వోలు చాలావాటిలో రుచి కోసం ఖనిజాలు తిరిగి కలుపుతారు. నీళ్లలో కరిగినవెన్నో చూపే టీడీఎస్ మీటర్ ముంచి చూడండి. సున్నా రావాలి.