మామిడి అంటు పుల్లల్ని తోటివాళ్లతో పంచుకోవడం ఎలా?

చెరుకు రసం మామిడిపండు తిని టెంక పెరట్లో పాతితే చెట్టయితే వస్తుంది. దానికి కాసేది చెరుకు రసమే అవుతుందన్న నమ్మకం మాత్రం లేదు. మన మామిడి రకాల్లో చాలావాటి టెంకలో ఒకటే మొలక ఉంటుంది. అందులో తల్లి చెట్టు గుణాలతో పాటు పుప్పొడి వచ్చిన చెట్టు గుణాలూ కలుస్తాయి. అచ్చంగా అదే కాయ కావాలంటే ఆ చెట్టు కొమ్మే తెచ్చి అంటు కట్టాలి.

బంగినపల్లికి ఢోకా లేదు. మార్కెట్ ఉంది, 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, ఏ నర్సరీలో అడిగినా మొక్క ఉంటుంది. నా బెంగంతా మిగతావాటి గురించే. జలాలు, పంచదార కలశ లాంటివి ఇప్పుడు వెతుక్కోవాల్సి వస్తోంది. పేరే లేకుండా "బావి దగ్గర చెట్టు" అని పిలుచుకునే ఊరి మామిళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయి. ఇల్లు కట్టడానికో రోడ్డు వెడల్పుకో ఆ ఒక్క చెట్టూ కొట్టేస్తే ఆ రుచి ఇంకెక్కడా ఉండదు. చుట్టుపక్కల పది పదిహేను మంది పెంపకందార్లు ఏడాదికి ఒకసారి కలిసి అంటు పుల్లలు, అంటే అంటు కట్టడానికి కోసే కొమ్మ చివర్లు, పంచుకుంటే ఒక్కో రకం నాలుగైదు చోట్ల బతుకుతుంది.

ముందు తేదీ పెట్టుకోండి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పని మొదలయ్యేది పుల్లలు పంచుకునే రోజున కాదు, దానికి పది రోజుల ముందు, చెట్టు మీద.

రెండు మంచి వానలు పడి గాలిలో తేమ నిలిచాక అంటు బాగా పట్టుకుంటుంది. ఆరుద్ర కార్తె నుంచి ఆశ్లేష దాకా, అంటే జూన్ చివరి నుంచి ఆగస్టు మధ్య వరకు, చాలా జిల్లాల్లో అనుకూలం. ఆ రోజుల్లో ఒక ఆదివారం ఖాయం చేసుకుని, దానికి ఏడు నుంచి పది రోజుల ముందు ఎవరి చెట్టు వాళ్లు సిద్ధం చేయాలని అందరికీ చెప్పండి.

సిద్ధం చేయడమంటే ఇలా. ఈ ఏడాది పూత రాని కొమ్మ చివర్లు చూడండి. మూడు నాలుగు నెలల వయసు, పెన్సిల్ లావు, బాగా ఎండ తగిలే వైపు ఉన్నవి మంచివి. వాటి ఆకుల్ని కత్తెరతో తీసేసి, తొడిమల్ని మాత్రం కొమ్మకే ఉంచండి. తొడిమలు ఒకటొకటిగా రాలుతుంటే కొసన ఉన్న మొగ్గ ఉబ్బుతుంది. మొగ్గ ఉబ్బి, ఇంకా విచ్చుకోకుండా ఉన్నప్పుడు కోసిన పుల్లే అతుకుతుంది. అప్పటికప్పుడు ఆకులు దూసి తెచ్చిన పుల్ల పచ్చగానే కనిపిస్తుంది కానీ, చాలాసార్లు రెండు వారాల్లో ఎండిపోతుంది.

చెట్టు మీ సొంతం కాకపోతే ఆ ఇంటి పెద్దవాళ్లు ఒప్పుకోవడానికి కొంచెం వెనకాడతారు. "పది చివర్లు చాలు బాబాయ్, చెట్టుకేమీ కాదు" అని చెప్పి, వాళ్ల ఎదురుగానే కోయండి. అంటు పట్టుకున్నాక అందులో ఒక మొక్క తీసుకెళ్లి ఆయనకే ఇవ్వండి. ముసలి చెట్టున్న ఇంటికి అంతకంటే మంచి బదులు లేదు.

కోసి, కట్టి, పేరు రాయడం

పొద్దున్నే, ఎండెక్కక ముందు కోయండి. జానెడు పొడవు ఉంచితే అంటు కట్టేటప్పుడు కొస నుంచి నాలుగైదు అంగుళాలు ఉంచుకుని కింది భాగం తీసేయొచ్చు. చెట్టు మారినప్పుడల్లా కత్తెర అంచును స్పిరిట్‌తో తుడవండి. బంక కారుతున్న కొమ్మ, కొస ఎండుతున్న కొమ్మ, తెల్లటి పిండి పురుగో పొలుసు పురుగో కనిపించిన కొమ్మ ఎంత మంచి రకమైనా వదిలేయండి. పూత గుత్తులు ముద్దగా, వికారంగా వచ్చే చెట్టు నుంచి అసలే తీసుకోవద్దు.

ఒకే రకం పుల్లలు పదేసి కట్టగట్టి, తడిపి గట్టిగా పిండిన నూలు గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. గుడ్డ చెమ్మగా ఉంటే చాలు, నీళ్లు కారకూడదు. బకెట్ నీళ్లలో నిలబెట్టడం అలవాటుగా చేస్తుంటారు గానీ, అలా చేస్తే పుల్ల నాని కుళ్లుతుంది. నీడలో ఉంచి రెండు మూడు రోజుల్లో వాడేస్తే మంచిది. దూరం ఊరికి ఆర్టీసీ కార్గోలో పంపేటట్లయితే అట్టపెట్టెలో పెట్టి, ఎండలో ఉంచొద్దని పైన రాయండి.

ఇక పేరు. చీటీ లేని పుల్ల ఎవరూ ఇవ్వకూడదు, ఎవరూ తీసుకోకూడదు. ఈ ఒక్క నియమం దగ్గర మొహమాటం వద్దు. చీటీ మీద రకం పేరు, ఊరు, కోసిన తేదీ, కాయ ఎప్పుడు వస్తుంది, రసానికా కోతకా ఆవకాయకా, ఏటేటా కాస్తుందా లేక ఒక ఏడాది కాసి ఒక ఏడాది మానేస్తుందా అన్నవి ఉండాలి. పెన్ను సిరా ఎండకీ వానకీ పోతుంది, పెన్సిల్‌తో రాస్తే నిలుస్తుంది. ఒకే కాయకు ఊరికో పేరుంటుంది కాబట్టి పిలిచే పేర్లన్నీ రాయించండి. బంగినపల్లినే బేనిషాన్ అంటారు, ఇమాంపసంద్‌ని హిమాయత్ అంటారు, తోతాపురి కొన్నిచోట్ల కలెక్టర్ మామిడి. పేరు తెలియకపోతే "పేరు తెలియదు, బావి దగ్గర చెట్టు" అని రాయడమే మంచిది. ఊహించి పెట్టిన పేరు తర్వాత పదిమందిని తప్పుదారి పట్టిస్తుంది.

పంచుకునే రోజు

చెట్టు నీడో, పంచాయతీ ఆఫీసు వరండానో చాలు. రకానికో చోట కట్టలు పరిచి పెట్టండి. అంటు కట్టడానికి టెంక మొక్కలు సిద్ధంగా ఉన్నవాళ్లకు ముందు ఇవ్వండి. మొక్కే లేనివాళ్లు ఆశకొద్దీ పుల్లలు తీసుకెళ్తే అవి ఇంట్లో ఎండిపోతాయి, అవసరమున్న వాళ్లకు మిగలవు. వాళ్లను ఖాళీ చేతులతో పంపొద్దు. ఈ సీజన్‌లో తిన్న పండ్ల టెంకలు ఇచ్చి, పచ్చిగా ఉండగానే సంచుల్లో నాటుకోమనండి. వచ్చే ఏటికి పెన్సిల్ లావు మొక్కలు తయారవుతాయి.

అరుదైన రకాన్ని ఒక్కరికే ఇవ్వకుండా కనీసం ముగ్గురికి వచ్చేలా చూడండి. ఎవరికి ఏది వెళ్లిందో ఒక నోటుబుక్కులో రాసిపెట్టండి.

నిమ్మ, బత్తాయి పుల్లలు మాత్రం ఈ పంపకంలోకి రానివ్వొద్దు. ట్రిస్టెజా వైరస్, గ్రీనింగ్ తెగులు అంటు ద్వారా కూడా కొత్త మొక్కకు ఎక్కుతాయి, చెట్టు చూడ్డానికి బాగానే ఉన్నా లోపల ఉండొచ్చు. వాటి కోసం తిరుపతి నిమ్మ పరిశోధన స్థానం లాంటి చోట అడగాలి. మచ్చ తెగులున్న తోటల దానిమ్మ కొమ్మలూ అంతే. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉన్న పిల్లలు అడిగినా సూట్‌కేసులో పుల్లలు పెట్టి పంపకండి. అక్కడి అనుమతి, ఇక్కడి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ లేకుండా తీసుకెళ్లడం నేరం.

అంటు కట్టాక

లేత కాండం మీద చీల్చి కట్టే పద్ధతి కొత్తవాళ్లకు తేలిక. టెంక మొక్కను భూమికి జానెడు ఎత్తులో కోసి, మధ్యగా అంగుళంన్నర చీల్చండి. పుల్ల కింది కొసను అంతే పొడవు చీలలా రెండు వైపులా చెక్కి అందులో దించండి. లావు సరిపోకపోతే కనీసం ఒక వైపైనా బెరడుకు బెరడు కలవాలి, అతుకు పడేది అక్కడే. ప్లాస్టిక్ పట్టీతో బిగించి చుట్టి, పైన సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, నీడలో ఉంచండి. చాలావరకు రెండు మూడు వారాల్లో చిగురు కనిపిస్తుంది. అప్పుడు గొట్టం తీసేయాలి. అతుకు కింద నుంచి వచ్చే పిలకల్ని ఎప్పటికప్పుడు గిల్లేయండి, లేకపోతే అవే ఎదిగి పైదాన్ని చంపేస్తాయి. రెండు మూడు నెలలకు పట్టీ విప్పండి.

మొక్క భూమిలో నాటాక మొదటి రెండు మూడేళ్లు పూత తుంచేస్తే చెట్టు బలపడుతుంది. తర్వాత కాసిన మొదటి కాయను చీటీ మీద రాసిన వివరాలతో పోల్చి చూడండి. తేడా ఉంటే పుల్ల ఇచ్చినవాళ్లకు చెప్పండి. నోటుబుక్కులో చూసి అదే కట్ట తీసుకున్న మిగతావాళ్లకు కూడా చెప్పండి, వాళ్లు దాని నుంచి మళ్లీ పుల్లలు పంచకముందే.