బోరు నీటి మచ్చలు వదిలించా

విజయనగరంలో మా వీధి మొత్తానికీ బోరు నీళ్లే. పక్కింటి మొక్కలకు పైపు పెట్టినప్పుడల్లా తుంపరలు మా నల్ల కారు బానెట్ మీద పడి, ఎండకు ఆరిపోయి, తెల్లటి గుండ్రటి మచ్చలు కట్టేవి. షాంపూతో ఎంత కడిగినా కదల్లేదు. అవి మామూలు మురికి కాదు మరి, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వాటిని కరిగించాలంటే ఆమ్లం కావాలి.

కార్ కేర్ సీసాలు పోగేయడం నాకు మహా ఇష్టం. అలమరా నిండా షాంపూలు, వ్యాక్స్‌లు ఉన్నాయి. అయినా ఈ పనికి అక్కరకొచ్చింది వంటకు వాడే తెల్ల వెనిగర్. దాంట్లో అంతే డిస్టిల్డ్ వాటర్ కలిపాను. బ్యాటరీలో పోయడానికి అమ్ముతారే, అదే. కారును నీడలో పెట్టి, బానెట్ చల్లారాక, మైక్రోఫైబర్ గుడ్డను అందులో తడిపి మచ్చల మీద ఒక నిమిషం పరిచాను. ఆరనివ్వకూడదు, ఇదే ముఖ్యం. తుడిచి వెంటనే షాంపూ నీళ్లతో కడిగేశాను. చాలావరకు అక్కడే పోయాయి! చేతికి గరుకుగా తగిలినచోట జారడానికి లూబ్రికెంట్ కొట్టి, క్లే బార్‌ను, అంటే పెయింట్‌కి అతుక్కున్నవాటిని లాగేసే మెత్తటి మట్టి ముద్దను, గట్టిగా నొక్కకుండా రుద్దాను. పెయింట్‌ను తినేసిన మచ్చలకు మాత్రం పాలిష్ తప్పలేదు.

వెనిగర్ వల్ల పాత వ్యాక్స్ కూడా పలచబడుతుంది, అందుకే చివర్లో కొత్తగా వ్యాక్స్ వేశాను. పక్కింటి పిన్నిగారికి చెబితే పైపు అటు తిప్పి పెడుతున్నారు. అయినా ఎప్పుడైనా తుంపర పడితే ఆరకముందే తుడిచేస్తున్నాను.