ఊరి పటం గీయించాలంటే

ఊరివాళ్ల చేతే నేల మీద వాళ్ల ఊరి పటం గీయించడం, అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం చుట్టుపక్కల పల్లెల్లో పొదుపు సంఘాల వెంట తిరిగి నేర్చుకున్న పని ఇది.

ముందు చోటు చూసుకోండి. రచ్చకట్ట దగ్గర పెడితే పెద్దమనుషులొచ్చి కూర్చుంటారు, కాలనీ ఆడవాళ్లు దూరంగా నిలబడి వెళ్లిపోతారు. కాలనీలోనే, వీధిలైటు వెలిగే చోట పెట్టండి. చెనిక్కాయ పీకే రోజుల్లో అయితే రాత్రి ఏడు దాటాకే. పగలు పిలిస్తే వాళ్ల కూలి పోతుంది.

ముగ్గుపిండి, చింతగింజలు, బొగ్గు ముక్కలు చాలు. స్కెచ్ పెన్నులు సంచిలోంచి తీయకండి. తీస్తే అవి ఇంటర్ చదివిన పిల్లోడి చేతికి పోతాయి, మిగతావాళ్ల నోళ్లు మూతపడతాయి.

"గుడి కాడ్నుంచి మొదలుపెట్టండి" అనేదాన్ని మొదట్లో. ఇప్పుడు అనను. వాళ్లంతట వాళ్లు ఎక్కువసార్లు నీళ్ల ట్యాంకు దగ్గర మొదలుపెడతారు. మొదటి ఐదు నిమిషాలు ఎవరూ కదలరు. ఆగలేక నేనే గీత గీసిన రోజులున్నాయి. ఇక అంతే, "మీరే గీయండి మేడం" అని చేతులు కట్టుకుంటారు.

ఇళ్లు, దారులు తొందరగానే అయిపోతాయి. బోర్ల దగ్గర మాత్రం ఎంతసేపైనా కూర్చోండి. నీళ్లున్న బోరుకు చింతగింజ, ఎండినదానికి బొగ్గు. ఒక ఊళ్లో ఒకామె పెడుతుంటే వెనక నుంచి ఆమె మొగుడు "ఎండినేవి మూడే" అన్నాడు. ఆమె తలెత్తకుండా నాలుగో బొగ్గు పెట్టింది. "మనదాన్ని లెక్కెయ్యవా? అప్పు ఇంకా తీరల్యా."

అట్లాంటప్పుడు అప్పెంత, వడ్డీ ఎంత అని మీద పడకండి. "ఊఁ" అనండి చాలు. ఆ రాత్రి ఇంకో ఇద్దరు వాళ్లంతట వాళ్లే బొగ్గులందుకున్నారు.

పటంలోంచి నీటి లెక్కకు పోవచ్చు. 2000ల దశకంలో అనంతపురంతో కలిపి 7 కరువు జిల్లాల్లో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయంతో నడిచిన ప్రాజెక్టులో రైతులే వాన కొలిచారు, బోర్లలో నీటిమట్టం కొలిచారు, రబీకి ముందు కూర్చుని ఏ పంటకు ఎన్ని నీళ్లో లెక్కేసుకున్నారు. గింజలు, బొగ్గులు పెట్టినవాళ్లకు ఆ లెక్క కొత్తగా ఉండదు.

పొద్దున్నే కోళ్లు కెలికేలోగా పటాన్ని చార్టు మీదికి ఎక్కించండి. రెండు ప్రతులు తీసి, మొదటిది సంఘం పెట్టెలో పెట్టండి. నేనొకసారి ఉన్న ఒక్కటీ ఆఫీసుకు తెచ్చేశాను. మళ్లీ పోయినప్పుడు ఒక అవ్వ అడిగింది: "మా ఊరు యాడ పెట్టినావమ్మా?"

బీరువా వెనక చుట్టచుట్టి ఉంది.