మిరుగు దాకముందే: పెద్ద టైర్లు, అదనపు సామాను ఉన్న పికప్‌కు జాగ్రత్తలు

నాలుగు వానలు పడితే అలంపూర్ వైపు నల్లరేగడి బాటల్లో మట్టి చక్రాన్ని వదలదు. పెద్ద టైర్లు వేసి, ముందు విన్చ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం), పైన క్యారియర్ బిగించిన ఫోర్ బై ఫోర్ బండిని ఆ లోపే చూసుకోవాలి.

215/75 ఆర్15 సైజు టైర్లు తీసి 235/75 ఆర్15 సైజువి వేస్తే టైరు ఎత్తు 30 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇరుసు కింద పెరిగే ఖాళీ మాత్రం అందులో సగం, 15 మిల్లీమీటర్లే. అంతమాత్రానికే చక్రం దగ్గర లాగుడు 4 శాతం తగ్గుతుంది, స్పీడోమీటరు 80 చూపిస్తుంటే బండి 83 మీద పోతుంది. బురదలో సగం క్లచ్ తొక్కి లాగితే ప్లేటు తొందరగా కాలుతుంది. ఫోర్-లో (నాలుగు చక్రాలకూ ఎక్కువ లాగుడిచ్చే తక్కువ గేరు) బురదలోకి దిగకముందే వేయాలి, ఇరుక్కున్నాక కాదు.

ఒక ముందు చక్రాన్ని రాయి మీదికి ఎక్కించి, స్టీరింగ్ రెండు పక్కలా చివరిదాకా తిప్పి చూడండి. టైరుకూ లోపలి మడ్గార్డుకూ మధ్య రెండు వేళ్లు దూరకపోతే, రేగడి మట్టి అక్కడే గట్టిపడి చక్రాన్ని పట్టేస్తుంది.

అసలు నష్టం బరువుతోనే. ఇనుప బంపర్, విన్చ్ కలిసి 80 కిలోలు అనుకుంటే, అవి ముందు ఇరుసుకు బయట వేలాడతాయి కాబట్టి ఇరుసు మీద 80 కంటే ఎక్కువే పడుతుంది, వెనక చక్రాల మీద ఆ మేరకు తేలికవుతుంది. 20 లీటర్ల నీళ్లు 20 కిలోలు, అంతే డీజిల్ 17 కిలోలు, రెండో స్టెప్నీ ఇంకో 30. కమాన్ పట్టీలు కుంగితే ఛాసిస్, సైలెన్సర్ కిందికి దిగి, పెద్ద టైర్లతో ఎక్కిన ఎత్తు అక్కడే పోతుంది. మనుషులు, సామాను, నిండు ట్యాంకుతో వేబ్రిడ్జి ఎక్కించండి. మిర్యాలగూడలో రైస్ మిల్లుల దగ్గర కాంటాలకు కొదవ లేదు. ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి, మొత్తం బండి ఒకసారి తూచి మాన్యువల్‌లోని గరిష్ట బరువులతో పోల్చండి. దాటితే సామాను దించాల్సిందే, గట్టి పట్టీలు వేసినంత మాత్రాన బ్రేకులకు బలం రాదు. బరువైనవి క్యారియర్ మీద పెట్టొద్దు. చెరువు కట్ట వాలులో బండి పల్టీ కొట్టేది పైబరువుతోనే.

స్టెప్నీ కూడా కొత్త సైజుదే ఉండాలి. పాతది వేయక తప్పకపోతే ముందు ఇరుసుకు వేసి, వెనక చక్రాలే లాగే టూ వీల్‌లోనే నడపండి.

చెల్కల్లో, ఇసుకలో గాలి 20 పీఎస్‌ఐ దాకా దించొచ్చు, నిండు లోడుంటే అంత దించొద్దు. తారు రోడ్డెక్కకముందే మళ్లీ నింపాలి, లేకుంటే టైరు పక్కలు వేడెక్కి పగులుతాయి.

దుందుభి లాంటి వాగులు కాజ్‌వే మీద పారుతుంటే దిగొద్దు. రెండడుగుల ప్రవాహం చాలు, పెద్ద టైర్ల బండైనా కొట్టుకుపోతుంది. నిలవ నీళ్లలో దిగాల్సి వస్తే ఇరుసు లోపలికి గాలి ఆడే బ్రీదర్ పైపు ఊడలేదని ముందే చూసుకోండి. వేడి ఇరుసు చల్లని నీళ్లలో పడగానే నీటిని లోపలికి పీలుస్తుంది, ఆయిల్ పాలలా తెల్లబడితే వెంటనే మార్చాలి.

కంపెనీ ఒప్పుకోని టైరు సైజు, ముందు ఇనుప గార్డు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధం, ఇన్సూరెన్స్ క్లెయిమూ చిక్కుల్లో పడొచ్చు. కొత్త టైర్లు వేశాక 100 కిలోమీటర్లకు వీల్ నట్లు మళ్లీ బిగించి, ముందు చక్రాల కీళ్లు, అంటే టై రాడ్ ఎండ్లు, బాల్ జాయింట్లు ఊగుతున్నాయేమో చక్రం లేపి చూడండి.