కాంపోజిట్ డెక్‌పై మచ్చలు, పాచి, గీతలు: ఏది ఎందుకు వస్తుంది, ఎలా పోతుంది

డెక్ అంటే ఇంటి బయట దూలాల మీద పలకలు పరిచి వేసే వేదిక. కాంపోజిట్ డెక్ పలకలు చెక్కపొడిని ప్లాస్టిక్‌తో కలిపి తయారుచేసినవి. వాటికి ఏటా నూనె పట్టించనక్కర్లేదు, రంగు వేయనక్కర్లేదు, కాళ్లకు పేళ్లు గుచ్చుకోవు. అయితే నిర్వహణే అక్కర్లేదన్న మాటను పూర్తిగా నమ్మి వదిలేస్తే కొన్నాళ్లకే మచ్చలు మొదలవుతాయి. అప్పుడు కంగారుపడి చేతికందిన ఘాటైన ద్రవం పోసేస్తారు. చాలాసార్లు మరక కంటే ఆ ద్రవమే పలకకు ఎక్కువ చేటు చేస్తుంది. అందుకే మచ్చ ఎక్కడ ఉంది, ఏ ఆకారంలో ఉంది అన్నది చూశాకే బకెట్ పట్టుకోండి.

ముందు పలక రకం తెలుసుకోండి

పలకను కోసిన చివర వంగి చూడండి. లోపల గరుకైన పదార్థం, దాని చుట్టూ వేరే రంగులో పల్చని ప్లాస్టిక్ పొర కనిపిస్తే అది తొడుగు ఉన్న పలక. అంచు నుంచి అంచు దాకా ఒకే పదార్థం ఉంటే అది తొడుగు లేని పాత తరహా పలక. తొడుగు ఉంటే మరక చాలావరకు పైనే ఆగుతుంది. లేకపోతే పైకి తేలి ఉన్న చెక్కపొడి నీటినీ నూనెనూ లోపలికి పీల్చుకుంటుంది. కొన్ని పలకలకు మూడు వైపులే తొడుగు ఉంటుంది, అడుగు భాగం ఖాళీగా ఉంటుంది. అటువంటివాటికి కింద గాలి ఆడడం మరీ ముఖ్యం.

నల్లటి చుక్కలు, మసక మచ్చలు

అందరికీ ఎదురయ్యే సమస్య ఇదే. నీడ పడే మూలల్లో, కుండీల చుట్టూ, సందుల వెంట మిరియాలపొడి చల్లినట్టు కనిపిస్తే అది బూజు. తొడుగు ఉన్న పలక మీద బూజుకు ఆహారం ప్లాస్టిక్ కాదు, దాని మీద పేరుకున్న పుప్పొడి, దుమ్ము, ఆకుల పొడి. వాటికి తడి తోడైతే చాలు. కాబట్టి బూజును చంపి, ఆ మురికిని అలాగే ఉంచితే మళ్లీ అదే చోట పుడుతుంది.

మొదట పలకల సందుల్లో ఇరుక్కున్న చెత్తను పల్చని ప్లాస్టిక్ పుట్టీ బ్లేడుతో గీకి తీయండి. విసుగు పుట్టించే పని ఇది, కానీ దీన్ని వదిలేస్తే తక్కిన శ్రమంతా వృథా. సందులు పూడుకుపోతే కడిగిన నీరు కూడా కిందికి దిగదు. తర్వాత గోరువెచ్చని నీటిలో గిన్నెలు తోమే ద్రవం కలిపి, మెత్తని కుంచెతో పలక పొడవునా, దాని మీది గాడుల దిశలోనే రుద్దండి. అడ్డంగా రుద్దితే మురికి గాడుల్లోనే ఉండిపోతుంది. ఇనుప పీచు, ఇనుప కుంచె దగ్గరికి రానివ్వకండి. వాటి ముక్కలు గాడుల్లో చిక్కుకుని తుప్పు చుక్కలుగా బయటపడతాయి.

అప్పటికీ మచ్చ ఉంటే సోడియం పెర్కార్బనేట్ ఉండే ఆక్సిజన్ బ్లీచ్ పొడి వాడండి. ఎండ నేరుగా తగలని వేళ చూసుకుని, పది పదిహేను నిమిషాలు ఆరిపోకుండా తడిగా ఉంచి, రుద్ది కడిగేయండి. కలిపిన ద్రావణం మిగిలితే మూత బిగించి దాచకండి. ఆక్సిజన్ వెలువడుతూ సీసా ఉబ్బి పగిలే ప్రమాదం ఉంది. మామూలు క్లోరిన్ బ్లీచ్ బూజును తెల్లబరుస్తుంది కానీ, తొడుగు లేని పలక రంగును కూడా లాగేస్తుంది. ఎంత తొందరలో ఉన్నా బ్లీచ్‌ను అమ్మోనియాతో గానీ ఏ యాసిడ్‌తో గానీ కలపకండి. విషవాయువు వెలువడుతుంది.

ఇంకో రకం చుక్కలుంటాయి. తారు చుక్కల్లా నిగనిగలాడుతూ, గోటితో తాకితే కాస్త ఉబ్బుగా తగులుతాయి, ఎంత రుద్దినా కదలవు. పక్కనే మొక్కల మొదళ్లలో చెక్కపొట్టు పరిచి ఉంటే దాన్ని అనుమానించండి. కుళ్లుతున్న చెక్కపొట్టులో పెరిగే ఒక జాతి శిలీంధ్రం తన బీజాల ముద్దలను వెలుతురు వైపు దూరంగా విసురుతుంది. అవి జిగురులా అతుక్కుపోతాయి. కొత్తగా పడ్డవాటిని ప్లాస్టిక్ బ్లేడుతో లేపవచ్చు. పాతవి లేచినా గుర్తు మిగలవచ్చు. చెక్కపొట్టు తీసేసి గులకరాళ్లు పరిస్తే గానీ ఈ బెడద ఆగదు.

కడిగి ఆరాక తెల్లటి పొర

తడిగా ఉన్నంతసేపు డెక్ మెరిసిపోతుంది, ఆరగానే పాలిపోయినట్టు తెల్లటి పొర తేలుతుంది. చాలామంది పలక రంగు పోయిందని బెంబేలెత్తుతారు. తడి వేలితో గట్టిగా తుడిచి చూడండి. వేలికి బూడిదరంగు అంటి, ఆ చోట అసలు రంగు కనిపిస్తే అది సబ్బు నీటిలో కరిగిన మురికి. నీరు ఆవిరైనా మురికి అక్కడే ఉండిపోయింది. డెక్ మొత్తాన్ని ఒకేసారి సబ్బుతో తడపడం వల్ల ఇలా జరుగుతుంది. నాలుగైదు పలకలు రుద్ది, నురగ ఆరకముందే ధారగా నీళ్లు పోసి, ఆ తర్వాతే పక్క పలకలకు వెళ్లండి. చివర్లో పాత తువ్వాలుతో తుడిస్తే ఫలితం కంటికి తెలుస్తుంది. పొర తుడిచినా పోకుండా గరుకుగా తగిలితే అది నీటిలోని సున్నం. నీళ్లు బాగా కలిపిన వెనిగర్‌తో తుడిచి, వెంటనే కడిగేయండి.

తడిస్తే కాలు జారుతోంది

ఆకుపచ్చ పాచి పట్టిందన్నమాట. సబ్బు నీరు, తర్వాత ఆక్సిజన్ బ్లీచ్, పైన చెప్పిన పద్ధతే. ఎండ, గాలి తగిలేలా చుట్టుపక్కల కొమ్మలు కత్తిరించకపోతే మళ్లీ వస్తుంది.

ఇక్కడే ప్రెషర్ వాషర్, అంటే నీటిని ఒత్తిడితో చిమ్మి కడిగే యంత్రం గురించి చెప్పాలి. నీటిధార ఒక బిందువు మీద పడితే తొడుగు చిట్లుతుంది, తొడుగు లేని పలక పీచు లేస్తుంది. అలా గరుకెక్కిన చోటే తర్వాత మరింత మురికి పడుతుంది. ఏ ఒత్తిడి దాకా వాడవచ్చో తయారీదారు సూచనల్లో ఉంటుంది, చాలామంది పెట్టే హద్దు 1500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లు అని ఒత్తిడిని చెప్పే కొలత). వాడితే విసనకర్రలా విచ్చుకునే నాజిల్ పెట్టి, పలకకు కనీసం 30 సెంటీమీటర్ల దూరంలో, ఒకచోట ఆపకుండా కదుపుతూ ఉండండి. నన్నడిగితే కుంచె, నీళ్ల పైపు చాలు.

గోధుమరంగు మరకలు

రంగు ఒకటే అయినా మూలాలు రెండు. ఆకు ఆకారంలోనో, టీ ఒలికినట్టు చారలుగానో ఉంటే అది టానిన్, ఆకుల్లో, చెక్కలో సహజంగా ఉండే రంగు పదార్థం. తడి ఆకుల నుంచి వస్తుంది, కొత్త పలకల్లోని చెక్కపొడి నుంచి కూడా ఊరుతుంది. కొత్త డెక్ అయితే తొందరపడకండి, వానలకూ ఎండలకూ చాలావరకు తనే పోతుంది. కుర్చీ కాలి కింద గుండ్రంగానో, మేకు చుట్టూనో, నారింజ ఛాయతోనో ఉంటే తుప్పు. పచ్చికకు చల్లే కొన్ని ఎరువుల్లోని ఇనుము కూడా తడిసి ఇలాగే మరకవుతుంది.

రెంటికీ ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న డెక్ క్లీనర్ పనిచేస్తుంది. అది విషపదార్థం. చేతి తొడుగులు, కళ్లద్దాలు పెట్టుకోండి, పక్క మొక్కలను ముందే నీటితో తడిపి కప్పండి, పిల్లలనూ పెంపుడు జంతువులనూ దూరంగా ఉంచండి. కనిపించని మూల పరీక్షించి చూశాకే మరక మీద వాడండి. అంతకుముందు బ్లీచ్ వాడి ఉంటే ఆనవాలు లేకుండా కడిగాకే దీన్ని ముట్టుకోండి. ఆ తర్వాత కుర్చీ కాళ్లకు ప్లాస్టిక్ తొడుగులు వేయండి.

నూనె, జిడ్డు

వెంటనే తుడవడమే మందు. గుడ్డతో అద్ది తీసి, వేడినీళ్లు, గిన్నెలు తోమే ద్రవంతో కడగండి. ఎసిటోన్, థిన్నర్ లాంటివి ప్లాస్టిక్‌నే కరిగిస్తాయి. మైనం, చూయింగ్ గమ్ అయితే ఐసుతో గట్టిపరిచి ప్లాస్టిక్ బ్లేడుతో లేపండి.

పట్టా తీస్తే కింద వేరే రంగు

రబ్బరు అడుగున్న పట్టాల కింద తడి నిలుస్తుంది. రబ్బరులోని రసాయనాలు పలకలోకి దిగుతాయి కూడా. పైపైన ఉన్న బూజు అయితే కడిగితే పోతుంది. రసాయనం దిగిన మరక పోదు. పట్టా కప్పిన చోట ఎండ తగలక రంగు నిలిచి, చుట్టూ వెలిసినట్టయితే మాత్రం, పట్టా తీసేసి ఉంచితే కాలక్రమేణా తేడా తగ్గుతుంది. ఇకపై గాలి ఆడే నేత పట్టాలే వేయండి, కుండీలను కాళ్లున్న పీటల మీద పెట్టండి.

గీతలు

తొడుగు లేని పలక మీది సన్నని గీతలు ఎండావానలకు కలిసిపోతాయి. తొడుగు ఉన్నదాన్ని గరుకు కాగితంతో రుద్దకండి. తొడుగు అరిగి లోపలి పదార్థం బయటపడుతుంది, వారంటీ కూడా పోవచ్చు. లోతైన గీత పడితే ఆ ఒక్క పలకను మార్చుకోవడమే శుభ్రమైన మార్గం.

పలక వంగింది, ఉబ్బింది, కదులుతోంది

కిటికీకి ఎదురుగా ఉన్న ఒకటి రెండు పలకలే మెత్తబడి వంగితే, కిటికీ అద్దం వైపు చూడండి. వేడిని తిప్పికొట్టే పూత ఉన్న జంట అద్దాలు కాస్త లోపలికి వంగి, సూర్యకాంతిని ఒకచోటికి పోగుచేసి ప్లాస్టిక్‌ను కరిగించగలవు. ఎండ మారే వేళల్లో పలక మీద ఒక ప్రకాశవంతమైన పట్టీ కదలడం గమనించవచ్చు. పలక మార్చే ముందు కిటికీకి బయట జాలీ గానీ పందిరి గానీ ఏర్పాటు చేయండి, లేకపోతే కొత్తదీ అలాగే వంగుతుంది.

పలకల చివర్లు ఒకదానికొకటి ఒత్తుకుని పైకి లేస్తే, వేడికి పొడవు పెరగడానికి చోటు వదల్లేదని అర్థం. ఒక చివర కొద్దిగా కోయాలి. రెండు దూలాల మధ్య పలక కిందికి వంగితే దూలాలు దూరంగా వేశారేమో కొలవండి. మామూలుగా ఒక దూలం మధ్య నుంచి మరో దూలం మధ్యకు 40 సెంటీమీటర్లు, పలకలు ఏటవాలుగా వేస్తే 30 ఉండాలి. ఎక్కువగా ఉంటే మధ్యలో అదనపు దూలం బిగించాలి.

అడుగు వేస్తే డెక్ కదిలినా ఊగినా శుభ్రత సంగతి పక్కన పెట్టి, టార్చి పట్టుకుని కిందికి వెళ్లండి. పైన పలకలు చెక్కుచెదరకుండా ఉన్నా, కింది దూలాలు మామూలు చెక్కవైతే కుళ్లవచ్చు. స్క్రూడ్రైవర్ మొనతో దూలాన్ని పొడవండి. మెత్తగా దిగిపోతే దాన్ని మార్పించేదాకా ఆ భాగం మీదికి ఎవరినీ రానివ్వకండి.