ఊరి మీద బెంగ ఉంటే పండుగకు కాదు, పనికి పోండి

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ దేవరకొండ, చండూరు, అచ్చంపేట, నారాయణపేట దిక్కు అమ్మానాయినలను చెలక దగ్గర వదిలి వచ్చినవాళ్లకు ఈ బెంగ ఎట్లా ఉంటుందో చెప్పక్కర్లేదు. తొలకరి పడిందంటే చాలు, ఆఫీసులో కూర్చున్నా మనసంతా అక్కడే, సాళ్లకు అచ్చు తోలారా, గింజలు పెట్టారా, కూలీలు దొరికారా అని. దసరాకు పోయి రెండు రోజులు ఉండి వస్తే ఇది తీరదు. పండుగ రోజు ఊరంతా కళగానే ఉంటుంది, అమ్మ నడుం నొప్పి కూడా ఆ రోజు కనబడదు. అందుకే కొన్ని లీవులు పనుల కోసం దాచిపెట్టుకోండి.

మొదటిది మృగశిర తర్వాత విత్తనాలప్పుడు. 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిస్తేనే పత్తి గింజ పెట్టాలని వ్యవసాయ శాఖవాళ్లు ఏటా చెబుతారు, కానీ పక్క చేనువాళ్లు పెట్టారంటే నాయిన ఆగడు. గింజ మొలవకపోతే మళ్లీ ప్యాకెట్లు, మళ్లీ కూలీ. ఇంకో వాన చూద్దాం నాయినా అని పక్కన ఉండి చెప్పే మనిషి ఉండటం కూడా సాయమే. విత్తనాల బిల్లు, ఖాళీ ప్యాకెట్లు పారేయకుండా ఒక సంచిలో పెట్టించండి, మొలక రాకపోతే అడగడానికి అవే ఆధారం.

వరి ఉంటే కోతల తర్వాత పోండి, అసలు మనిషి అవసరం అప్పుడే. మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రంలో, అదే ఐకేపీ సెంటర్లో, 17 శాతం లోపు తేమ ఉంటేనే వడ్లు తీసుకుంటారు, అంటే పొద్దంతా ఎండలో కాళ్లతో వడ్లు తిప్పాలి, పొద్దుగూకేసరికి కుప్ప చేసి పట్టాలు కప్పాలి, అర్ధరాత్రి ఉరుము వినబడితే లేచి ఉరికి పట్టా అంచుల మీద రాళ్లు పెట్టాలి, కుప్ప కిందికి నీళ్లు పోకుండా చుట్టూ కాలువ తీయాలి. అరవై దాటిన మనిషి కల్లం దగ్గర రోజుల తరబడి ఇదే చేస్తాడు. ఆ రాత్రులు మీరు పడుకోండి, ఆయనను ఇంటికి పంపండి. కాంటా రోజు దగ్గరుండి బస్తాల లెక్క రాసుకోండి, తరుగు ఎంత తీస్తున్నారో, ఎందుకు తీస్తున్నారో నిమ్మళంగా అడగండి, సెంటర్‌వాళ్లు ట్యాబ్‌లో ఎక్కించిన బ్యాంకు ఖాతా నంబరు మీ కళ్లతో చూడండి. చదువుకున్న బిడ్డ పక్కన నిలబడితే మాట తీరే మారుతుంది.

పత్తికైతే ఇక్కడ కూర్చునే చేయగలిగిన పని ఉంది. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐకి అమ్మాలంటే 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేయాలి, నాయినకు అది రాదు, మీకు వస్తుంది. దానికంటే ముందు వ్యవసాయ విస్తరణ అధికారి (ఏఈవో) దగ్గర పంట నమోదు సరిగా అయిందో లేదో కనుక్కోండి, అది తప్పితే అమ్మే రోజు తిప్పలు పడాలి. తేమ 12 శాతం దాటితే వాళ్లు కొనరు కాబట్టి ఆరబెట్టకుండా బండి కట్టొద్దని చెప్పండి. అదే ఫోన్లో రైతుబీమా నామినీ ఎవరున్నారో కూడా అడగండి. పట్టాదారుకు 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉంటే 5 లక్షల జీవిత బీమా ఉంటుంది, నామినీగా రాసిన మనిషి చనిపోయి ఉంటే పేరు మార్పించాలి. ఇది ఎవరూ గుర్తు పెట్టుకోరు.

ఇక డబ్బు సంగతి. పంట ఎట్లా ఉంది అని అడిగితే మంచిగనే ఉంది బిడ్డా అంటారు, అంతకుమించి బయటపడరు. ముందు అమ్మను అడగండి, ఎవరికి ఎంత ఇయ్యాలమ్మా అని. పురుగుమందుల దుకాణంలో ఉద్దెర ఎంతో, ఎవరి దగ్గర ఎంత మిత్తికి తెచ్చారో ఆమెకే తెలుసు. నూటికి రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 24 శాతం, అదే బ్యాంకులో 3 లక్షల లోపు పంట రుణం గడువులో కడితే 4 శాతమే పడుతుంది. ఉద్దెరకు తెస్తే ధర వేరు, దాని మీద మిత్తి వేరు, పైగా పంట ఆ దుకాణానికే అమ్మాలన్న మొహమాటం. కాబట్టి నెలనెలా కొంచెం పంపే బదులు మే నెలలో ఒకేసారి విత్తనాలకు, ఎరువులకు సరిపడా చేతిలో పెట్టండి, నగదుకు కొనమనండి. నా లెక్కలో దీన్ని మించిన సాయం లేదు. కొత్త బోరుకు మాత్రం అప్పు తేనివ్వకండి, మన దిక్కు ఎన్ని ఇండ్లు బోర్ల కిందనే ఆగమయ్యాయో మీకూ తెలుసు.

ఫోన్ చేసినప్పుడు తిన్నారా, పన్నారా అనే కాకుండా బోరు ఎంత పోస్తుంది, యూరియా దొరికిందా, బర్రెకు గడ్డి ఉందా అని అడగండి, అప్పుడు మాట సాగుతుంది. ఇంకొకటి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోతే తనే ఎక్కి వేసుకునే అలవాటు మీ నాయినకు ఉంటే ఈ రోజే మాట తీసుకోండి. తడి చేతులతో, తడి కాళ్లతో స్టార్టర్ ముట్టి ప్రాణాలు పోయిన రైతులు ఎంతోమంది ఉన్నారు. మడి ఒక రోజు ఎండినా ఏం కాదు, లైన్‌మన్ వచ్చేదాకా ఆగమని బతిమాలండి, కోప్పడండి.

ఉద్యోగం మానేసి ఊరికి పోదామనిపిస్తే తొందరపడకండి. రెండు పంటల ఖర్చు, ఇంటి ఖర్చు చేతిలో ఉన్నాకనే ఆ ఆలోచన చేయండి, అప్పుడు కూడా మొదటి ఏడాది ఒక ఎకరమే మీరు చూసుకోండి, మిగతా చెలకలో ఏం వేయాలో నాయిననే చెప్పనివ్వండి.